ట్రిపుల్ వన్ ఊళ్లలో హరిత పార్టీ ఎందుకు పుట్టలేదు?

హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుంటే ఆప్పా జంక్షన్ దాటాక మొయినాబాద్, దాని తర్వాత చేవెళ్ల. ఈ దారి పొడవునా ముప్పై ఏళ్లుగా జనం దేని గురించి కొట్లాడుకుంటున్నారో చూడండి. రెండు పెద్ద చెరువులు. ఆ చెరువుల చుట్టూ జీఓ 111, అంటే జనం నోట ట్రిపుల్ వన్, గీసిన ఒక గీత. రోడ్డుకు రెండు పక్కలా నిజాం కాలం నాటి మర్రిచెట్లు. వీటి మీద సుప్రీంకోర్టు తీర్పులున్నాయి, జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశాలున్నాయి, కేబినెట్ నిర్ణయాలున్నాయి, అసెంబ్లీలో ముఖ్యమంత్రి ప్రసంగం ఉంది. ఇక్కడ భూమి బేరం మొదలైతే ముందు అడిగేది "ట్రిపుల్ వన్‌లో ఉందా, బయట ఉందా" అనే.

ఇంత పర్యావరణ రాజకీయం ఉన్న చోట పర్యావరణం పేరు చెప్పి ఓటడిగే పార్టీ చెప్పుకోదగ్గది ఒక్కటీ లేదు. కాంగ్రెస్, బీఆర్ఎస్, బీజేపీ జెండాల మధ్యే అంతా సాగుతోంది. ఇతర దేశాల్లో ఇంతకంటే చిన్న గొడవల్లోంచి హరిత పార్టీలు పుట్టాయి, కొన్ని అధికారంలోకీ వచ్చాయి. అవి ఎలా పుట్టాయో, ఏం నమ్ముతాయో, లోపల ఎలా నడుస్తాయో తెలుసుకుంటే చేవెళ్లలో ఏం లోపించిందో కనిపిస్తుంది. చెట్ల మీద ప్రేమకు ఇక్కడ కొదవ లేదని నా అభిప్రాయం. ఆ ప్రేమకయ్యే ఖర్చు ఎవరి నెత్తిన పడుతోందని గట్టిగా అడిగినవాళ్లే లేరు.

ప్రపంచంలో మొదటి హరిత పార్టీగా చాలామంది చెప్పేది ఒక సరస్సు కోసం పుట్టింది. ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపంలో పెడర్ అనే సరస్సు ఉండేది. జలవిద్యుత్తు కోసం ఆనకట్టలు కట్టి దాన్ని ముంచేయాలని అక్కడి రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టింది. అధికార పక్షం సరేనంది, ప్రతిపక్షమూ సరేనంది. రెండు పెద్ద పార్టీలూ ఒక్కటైపోతే వద్దనే మనిషి ఓటు ఎవరికి వేయాలి? 1972 మార్చిలో హోబర్ట్ నగరంలో సభ పెట్టుకుని యునైటెడ్ టాస్మేనియా గ్రూప్ అనే పార్టీ పెట్టారు. నెల తిరక్కుండానే ఎన్నికలొచ్చాయి. ఒక్క సీటూ రాలేదు. సరస్సు మునిగింది. కానీ ఆ ఓటమి నుంచి అక్కడ ఒక తరం కార్యకర్తలు తయారయ్యారు. అదే ఏడాది న్యూజిలాండ్‌లో వాల్యూస్ పార్టీ, మరుసటి ఏడాది బ్రిటన్‌లో పీపుల్ అనే చిన్న పార్టీ మొదలయ్యాయి. బ్రిటన్ పార్టీ రెండుసార్లు పేరు మార్చుకుని 1985లో గ్రీన్ పార్టీ అయింది.

ఈ రాజకీయానికి ఒక శాస్త్రం లాంటిది తయారుచేసింది మాత్రం జర్మన్లు. అణు విద్యుత్ కేంద్రాలు వద్దన్న రైతులు, యుద్ధ వ్యతిరేకులు, స్త్రీవాదులు, విద్యార్థి ఉద్యమాల నుంచి మిగిలినవాళ్లు అందరూ కలిసి 1980 జనవరిలో కార్ల్స్‌రూ పట్టణంలో గ్రీన్ పార్టీని స్థాపించారు. నాలుగు మాటలను పునాదిగా రాసుకున్నారు: పర్యావరణం, సామాజిక న్యాయం, కింది నుంచి పైకి నడిచే ప్రజాస్వామ్యం, అహింస. 2001లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ప్రపంచ హరిత పార్టీలన్నీ కూడి ఒక ఉమ్మడి పత్రం రాసుకున్నప్పుడు ఈ నాలుగింటికీ సుస్థిరత, వైవిధ్యం పట్ల గౌరవం చేర్చి ఆరు చేశాయి.

జర్మన్లు రాసుకున్న ఆ నాలుగూ మంచం కాళ్ల లాంటివి, ఒకటి విరిగితే మంచం నిలవదు. మన దగ్గర హరిత రాజకీయం అనగానే చెట్టు నాటడం, ప్లాస్టిక్ మానడం గుర్తొస్తాయి. అది మొదటి కాలు మాత్రమే. చెట్టు కాపాడేటప్పుడు ఎవరి పొట్ట కొడుతున్నాం అన్నది రెండోది. ఆ నిర్ణయం ఎవరిని అడిగి చేశారు అన్నది మూడోది. జర్మన్ల పార్టీలో ఈ మూడూ ఒకదానితో ఒకటి తగువులాడుకుంటూనే ఉంటాయి. ఆ తగువు పార్టీ లోపల జరుగుతుంది కాబట్టే బయట ఒక మాట మీద నిలబడగలిగింది.

పార్టీ నిర్మాణంలో కూడా వాళ్లు కొత్త పోకడలు పోయారు. 1983లో ఐదు శాతం గీత దాటి, 5.6 శాతం ఓట్లతో మొదటిసారి పార్లమెంటులో అడుగుపెట్టినప్పుడు తమ ఎంపీలు రెండేళ్లకే దిగిపోయి తర్వాతివాళ్లకు చోటివ్వాలని నియమం పెట్టుకున్నారు. ఏ మనిషీ పదవికి అతుక్కుపోకూడదని. పార్టీకి ఒక్క అధ్యక్షుడు ఉండకూడదు, ఇద్దరు ఉండాలి, పదవుల్లో కనీసం సగం ఆడవాళ్లవి కావాలి. పదవి మారే నియమం ఎక్కువ కాలం నిలవలేదు. పని నేర్చుకునేలోపే మనిషి దిగిపోతున్నాడని కొన్నేళ్లకే వదిలేశారు. జంట అధ్యక్షులు మాత్రం ఇప్పటికీ ఉన్నారు. అధ్యక్షుడు అంటే కొడుకో, మేనల్లుడో, అల్లుడో అని అలవాటుపడిన మన పార్టీల పక్కన పెట్టి చూస్తే ఇది వింతగానే కనిపిస్తుంది.

ప్రాంతీయ స్థాయిలో ఈ పార్టీ కథ ఇంకా ఆసక్తికరం. జర్మనీలో రాష్ట్రాలకు అధికారాలు బాగా ఎక్కువ. గ్రీన్ పార్టీ మొదట మంత్రి పదవి చూసింది కేంద్రంలో కాదు, హెస్సె రాష్ట్రంలో, 1985లో. యోష్కా ఫిషర్ అనే నాయకుడు తెల్ల బూట్లు, అదీ ఆటల బూట్లు, వేసుకుని పర్యావరణ మంత్రిగా ప్రమాణం చేశాడు. మన కథకు ఎక్కువ పనికొచ్చేది బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం. రాజధాని స్టుట్‌గార్ట్. బెంజి కార్ల ఊరు. అక్కడ రైల్వే స్టేషన్‌ను భూగర్భంలోకి మార్చే పెద్ద ప్రాజెక్టు కోసం పార్కులోని పాత చెట్లు నరకబోతే 2010లో జనం వేలల్లో అడ్డుపడ్డారు. పోలీసులు నీటి ఫిరంగులు వాడారు, జనం గాయపడ్డారు. మరుసటి ఏడాది మార్చిలో జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం జరిగింది, అదే నెలలో ఈ రాష్ట్రంలో ఎన్నికలు. విన్‌ఫ్రీడ్ క్రెచ్‌మాన్ దేశంలోనే మొదటి హరిత ముఖ్యమంత్రి అయ్యాడు.

అయ్యాక ఏం చేశాడన్నది అసలు పాఠం. స్టేషన్ కట్టాలా వద్దా అని 2011 నవంబరులో రాష్ట్రమంతా ఓటింగ్ పెట్టించాడు. జనం కట్టమన్నారు. అంతకుముందు దాన్ని వ్యతిరేకించిన ముఖ్యమంత్రి, సరే, మీ మాటే అని తలొంచాడు. చెట్టు కోసం గెలిచిన పార్టీ, ఓటు చెప్పింది కాబట్టి చెట్టు విషయంలో ఓడిపోవడానికి ఒప్పుకుంది. తర్వాతి ఎన్నికల్లో అదే జనం అతన్ని మళ్లీ గెలిపించారు, ఆ పైన ఇంకోసారి కూడా.

ఇక మన చెరువుల దగ్గరికి వద్దాం.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ఊడ్చేసింది. వేల మంది చనిపోయారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరానికి ఎగువన నీళ్లను ఆపి మెల్లగా వదిలే జలాశయాలు కట్టాలని ఆయన సలహా ఇచ్చారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే జనం నోట గండిపేట, 1920కి పూర్తయింది. ఈసీ వాగు మీద హిమాయత్‌సాగర్ 1927లో. ఒకటి 3.9 టీఎంసీలు, ఇంకొకటి 2.97 టీఎంసీలు పడతాయి. వరద ఆపడం మొదటి పని, తాగునీళ్లు రెండో పని. దశాబ్దాల పాటు నగరం గండిపేట నీళ్లే తాగింది. ఆ నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదిలిపోలేడని సామెత కూడా పుట్టింది.

1980ల తర్వాత నగరం పడమటికి పాకడం మొదలైంది. ఎగువన ఫ్యాక్టరీలు వస్తే చెరువులు పాడవుతాయని నీటి బోర్డు, నిపుణులు హెచ్చరించారు. 1996 మార్చి 8న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీఓ 111 ఇచ్చింది. రెండు చెరువుల పూర్తి నీటిమట్టం గీత నుంచి పది కిలోమీటర్ల లోపల కాలుష్యం పుట్టించే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు వద్దు. లేఅవుట్ వేస్తే అరవై శాతం ఖాళీ స్థలం, రోడ్లకే వదలాలి. పరీవాహకంలో తొంభై శాతం భూమి పరిరక్షణకు, వినోదానికి. ఈ గీత లోపల 84 ఊళ్లు, దాదాపు 1.32 లక్షల ఎకరాలు పడ్డాయి. మొయినాబాద్ మండలంలో ఎక్కువ ఊళ్లు లోపలున్నాయి. చేవెళ్ల మండలంలో కొన్నే.

ఆ జీఓకు వెన్నెముక ఇచ్చింది సుప్రీంకోర్టు. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక నూనె ఉత్పత్తుల కంపెనీకి ప్రభుత్వమే మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి వద్దంది. నాయుడు కేసుగా న్యాయ విద్యార్థులు చదువుకునే ఆ వ్యాజ్యంలో 1999లో ఒకటి, 2000 డిసెంబరులో ఇంకొకటి తీర్పులొచ్చాయి. రాసింది తెలుగువాడే, జస్టిస్ ఎం. జగన్నాధరావు. హాని జరుగుతుందని రుజువు చేయాల్సింది ఊరు కాదు, జరగదని రుజువు చేయాల్సింది కంపెనీయే అన్నారు. లక్షల మంది తాగే నీటి విషయంలో ఇష్టానుసారం మినహాయింపులు ఇచ్చే హక్కు ప్రభుత్వానికి లేదన్నారు. దేశంలో పర్యావరణ న్యాయానికి ఇది పెద్ద మెట్టు.

అంత గొప్ప తీర్పు వచ్చిన ఊళ్లలో ఆ తీర్పుకు సొంత మనుషులు ఎందుకు తయారుకాలేదు? రైతు వైపు నుంచి చూస్తే జవాబు కష్టం కాదు. జీఓ 111 అతని భూమి మీద నిషేధం పెట్టింది, పైసా ఇవ్వలేదు. చెరువు కాపాడితే లాభం నగరానిది. ఆ లాభం కోసం భూమి విలువ తగ్గించుకున్నది చామంతి, గులాబీ, క్యారెట్, టమాట పండించే మొయినాబాద్, చేవెళ్ల పట్టాదారు. గండిపేటకు అవతలి పక్క, గీతకు బయట, కోకాపేటలో 2023 ఆగస్టులో ప్రభుత్వమే వేలం వేస్తే ఎకరం వంద కోట్లు దాటింది. అక్కడి నుంచి కారులో అరగంట దూరం లేని ఊళ్లో బిడ్డ పెళ్లికి ఎకరం అమ్ముకోవాలనుకునే రైతుకు ఈ లెక్క ఎవరూ బోర్డు మీద రాసి చెప్పనక్కర్లేదు.

పైగా ఆ గీత అందరినీ ఒకేలా ఆపలేదు. రైతు తన చేను ప్లాట్లు చేయకూడదు కానీ, అదే చేను కొన్న నగరపు ధనవంతుడు గోడ కట్టుకుని ఫాంహౌస్ వేసుకోవచ్చు. రిసార్టులు వచ్చాయి, ఫంక్షన్ హాళ్లు వచ్చాయి, ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి. 2022 అక్టోబరులో ఎమ్మెల్యేల కొనుగోలు వ్యవహారమంటూ దేశమంతా మొయినాబాద్ పేరు వినిపించింది కూడా ఒక ఫాంహౌస్ వల్లే. నియమం బలవంతుడికి వంగి, బక్కవాడికి బిగుసుకుంటే, దాన్ని కాపాడమని బక్కవాణ్ని అడగడం కష్టం. జీఓ ఎత్తేయాలని ఊళ్లు తీర్మానాలు చేశాయంటే అది పర్యావరణ ద్వేషమని నగరంలో కూర్చుని తేల్చడం సులువు.

పార్టీలు ఈ కోపాన్ని బాగా చదివాయి. 2022 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలో, నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లొస్తున్నాయి కాబట్టి ఈ జీఓకు అర్థం లేదన్నారు. ఏప్రిల్ 12న జీఓ 69 ఇచ్చి ఆంక్షలు సడలించారు. 2023 మే 18న కేబినెట్ జీఓ 111ను పూర్తిగా రద్దు చేయాలని నిర్ణయించింది, అసెంబ్లీ ఎన్నికలకు ఆర్నెల్ల ముందు. ప్రతిపక్షంలో ఉన్నవాళ్లకు అదే జీఓ ఇంకో రకంగా పనికొచ్చింది. 2020లో అప్పటి కాంగ్రెస్ ఎంపీ రేవంత్ రెడ్డి జన్వాడ ఫాంహౌస్ విషయమై హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లారు, ఆ భవనం తనది కాదని అప్పటి మంత్రి, కేసీఆర్ కొడుకు కేటీఆర్ అన్నారు. అధికారంలో ఉంటే ఎత్తేయడానికి, లేకపోతే ఎదుటివాడి మీద విసరడానికి. చెరువు కోసం నిలబడ్డది ఎక్కువగా కోర్టుల్లో పిటిషన్లు వేసిన నగర పర్యావరణవాదులే. వాళ్లది నిజమైన శ్రమ. కానీ వాళ్ల ఓటు ఎక్కువగా ఈ ఊళ్లలో లేదు.

తాగునీటికి అవసరం లేదు కాబట్టి చెరువు అవసరం లేదనే వాదనను వాన మళ్లీ మళ్లీ కొట్టేసింది. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరు ఆఖర్లో రెండు చెరువుల నుంచీ నీళ్లు వదిలితే మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లొచ్చాయి. విశ్వేశ్వరయ్య వీటిని కట్టమన్నది ఇలాంటి వానల కోసమే. ఎగువన నేలంతా సిమెంటు చేస్తే ఆ నీళ్లు ఆగకుండా ఒక్కసారిగా చెరువులోకి దూకుతాయి. పది కిలోమీటర్ల వలయం పరీవాహకమంతా కాదు. మూసీ పుట్టేది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో, ఆ వలయానికి చాలా దూరంగా. వలయం లోపలి రైతుకు ఆంక్ష, అవతలి రైతుకు లేదు. శాస్త్రం వాగు వెంట పోవాల్సిన చోట జీఓ వలయం గీసింది.

మర్రిచెట్ల కథ ఇంకా నలిగింది.

ఆప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల జాతీయ రహదారి 163. దారి పొడవునా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు, ఎడ్లబండ్ల కాలంలో నీడ కోసం నాటినవి. రోడ్డును నాలుగు వరుసలు చేయాలన్నప్పుడు చాలా చెట్లు పోతాయని తెలిసి ప్రకృతి ప్రేమికులు ఉద్యమం మొదలుపెట్టారు, హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లారు. 2023లో పర్యావరణ ప్రభావ అధ్యయనం చేయమని ట్రైబ్యునల్ ఆదేశించింది. చాలా బేరాల తర్వాత రహదారుల సంస్థ ప్లాన్ మార్చి, మూడు వంతులకు మించి చెట్లను ఉన్నచోటే ఉంచడానికి, సుమారు 150 చెట్లను పెకిలించి వేరే చోట నాటడానికి ఒప్పుకుంది. 2025 అక్టోబరు చివర్లో కేసు ఒక కొలిక్కి వచ్చింది.

కొద్ది రోజులకే, నవంబరు 3న పొద్దున్నే మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఒకటి తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. కంకర బస్సులోకి కుమ్మరించుకుపోయింది. 19 మంది చనిపోయారు. అంతకు ఏడాది కింద, 2024 డిసెంబరులో, ఇదే రోడ్డు మీద ఆలూరు దగ్గర కూరగాయలు అమ్ముకునేవాళ్ల మీదికి లారీ దూసుకెళ్లి ప్రాణాలు తీసింది. చేవెళ్ల, తాండూరు జనం కోపం కట్టలు తెంచుకుంది. చెట్లు కాపాడతామని కేసులు వేసినవాళ్ల మీదికీ ఆ కోపం మళ్లింది. ఇందులో అన్యాయం ఉంది: రోడ్డు ఆలస్యానికి భూసేకరణ, ప్లాన్లు, టెండర్లు కూడా కారణాలే, చెట్లను మధ్యలో ఉంచి పక్కన కొత్త వరుస వేయవచ్చని ఉద్యమకారులు మొదటి నుంచీ చెబుతున్నారు. అయినా శవాలు ఇంటికి తెచ్చుకున్నవాళ్లకు ఈ వివరం ముందుగా ఎవరూ చెప్పలేదు. ఉద్యమం వార్తాపత్రికల్లో, ట్రైబ్యునల్‌లో ఉంది. బస్టాండులో లేదు. సురక్షితమైన రోడ్డు, మర్రిచెట్టు రెండూ మా డిమాండే అని తాండూరు బస్సెక్కే మనిషితో కూర్చుని చెప్పే సంస్థ ఏదీ లేదు. స్టుట్‌గార్ట్‌లో పార్టీ చేసిన పని అదే.

పార్టీ పెట్టడం మన దేశంలో కష్టమేమీ కాదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షన్ కింద, పార్టీ పెట్టిన ముప్పై రోజుల్లో కేంద్ర ఎన్నికల సంఘానికి దరఖాస్తు చేసుకోవాలి. కనీసం వంద మంది ఓటర్లు సభ్యులుగా ఉండాలి. రాజ్యాంగానికి, సోషలిజం, లౌకికవాదం, ప్రజాస్వామ్యాలకు కట్టుబడతామని నియమావళిలో రాయాలి. 2018లో ఇండియా గ్రీన్స్ పార్టీ పేరుతో ఒక జాతీయ ప్రయత్నం మొదలైంది కూడా. కష్టం గెలవడంలో ఉంది. జర్మనీలో ఐదు శాతం ఓట్లొస్తే పార్లమెంటులో వాటా దొరుకుతుంది. మన దగ్గర ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే సీటు వాళ్లదే, మిగతా ఓట్లన్నీ గాలికి. ఇదే పద్ధతి ఉన్న బ్రిటన్‌లో హరిత పార్టీకి మొదటి ఎంపీ దొరికింది 2010లో, పార్టీ పుట్టిన 37 ఏళ్లకు. అదీ బ్రైటన్ అనే ఒక్క ఊళ్లో, ఏళ్ల తరబడి కౌన్సిల్ వార్డులు గెలుచుకుంటూ వచ్చాక.

మన పార్టీల పట్టు ఎంత గట్టిదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. చేవెళ్ల లోక్‌సభకు 2019లో టీఆర్ఎస్ నుంచి రంజిత్ రెడ్డి, కాంగ్రెస్ నుంచి కొండా విశ్వేశ్వర్ రెడ్డి తలపడ్డారు. 2024లో మళ్లీ వాళ్లిద్దరే పోటీలో ముందున్నారు, ఒకరు కాంగ్రెస్ నుంచి, ఒకరు బీజేపీ నుంచి. మనుషులు అలాగే ఉన్నారు, కండువాలు మారాయి. ఓటరుకు మాత్రం చెరువు గురించి కొత్త మాటేమీ వినిపించలేదు. 2003లో వైఎస్ పాదయాత్ర మొదలుపెట్టిన నాటి నుంచి చేవెళ్ల అంటే పెద్ద యాత్రలకు మంచి ముహూర్తం. నాయకులు ఇక్కడ బయలుదేరి ఇంకెక్కడికో వెళతారు.

అయితే ఈ నియోజకవర్గానికి ఎవరూ పట్టించుకోని ఒక విశేషం ఉంది. అనంతగిరిలో మూసీ పుట్టే చోటు, చేవెళ్ల, మొయినాబాద్ చేన్లు, గండిపేట, హిమాయత్‌సాగర్, కోకాపేట మేడలు, శేరిలింగంపల్లి ఐటీ ఉద్యోగుల అపార్టుమెంట్లు, అన్నీ ఒకే లోక్‌సభ సీటులో ఉన్నాయి. దాదాపు 29 లక్షల ఓటర్లు. ఎగువ రైతు, దిగువ నగరవాసి ఒకే ఎంపీని ఎన్నుకుంటారు. నది ఎగువకూ దిగువకూ మధ్య బేరం కుదర్చాలంటే ఇంతకంటే అనువైన సరిహద్దు ఎవరైనా గీయగలరా? డీలిమిటేషన్ వాళ్లు అనుకోకుండానే గీసిపెట్టారు.

ఆ బేరం ఎలా ఉండాలో న్యూయార్క్ చూపించింది. ఆ నగరానికి నీళ్లు వంద మైళ్లకు పైగా దూరంలో ఉన్న క్యాట్‌స్కిల్ కొండల నుంచి వస్తాయి. 1990ల్లో అక్కడి రైతులు, చిన్న ఊళ్లవాళ్లు మన ట్రిపుల్ వన్ రైతుల్లాగే నగరం మీద మండిపడ్డారు: మీ నీళ్ల కోసం మా భూములకు ఆంక్షలా అని. నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు కట్టాలంటే వందల కోట్ల డాలర్లు. దానికి బదులు 1997లో నగరం ఎగువ ఊళ్లతో ఒప్పందం రాసుకుంది. రైతుల పశువుల కొట్టాలు, ఊళ్ల మురుగు ఏర్పాట్లు బాగుచేసుకోవడానికి నగరమే డబ్బిస్తుంది. అమ్మడానికి ఇష్టపడ్డవాళ్ల భూమి మాత్రమే, మార్కెట్ ధరకు కొంటుంది. నీటి బిల్లు కట్టే నగరవాసి ఎగువ రైతుకు కిరాయి చెల్లిస్తున్నట్టు లెక్క. ఆంక్ష అలాగే ఉంది, దాని ఖర్చు ఎవరు భరించాలన్నది మారింది.

ఇలాంటి ప్రతిపాదనను ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి? తెలంగాణలో గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. పార్టీ లేని హరిత అభ్యర్థికి అది మంచి చోటు. గ్రామసభలో నీళ్ల లెక్క, భూమి లెక్క చదివి వినిపించి తీర్మానం చేయించవచ్చు. కానీ 2025 మొదట్లో చేవెళ్ల, మొయినాబాద్ రెండూ మున్సిపాలిటీలయ్యాయి. చుట్టుపక్కల చాలా ఊళ్లు వాటిలో కలిశాయి. అక్కడ గ్రామసభ పోయి వార్డు వచ్చింది, సర్పంచ్ బదులు పార్టీ గుర్తుతో గెలిచే కౌన్సిలర్ వచ్చాడు. కలవకుండా మిగిలిన ఊళ్లలో పంచాయతీ దారి తెరిచే ఉంది. మున్సిపాలిటీ వార్డులో అయితే స్వతంత్రుడిగా నిలబడాలి, లేదా 29ఏ కింద పేరు నమోదు చేసుకోవాలి.

ఎవరైనా ఆ పని చేస్తే, వాళ్ల మొదటి సభ చేవెళ్ల రైతు వేదికలో జరగాలి, బంజారాహిల్స్ హోటల్లో కాదు. ఎజెండాలో మొదటి అంశం మర్రిచెట్టు కానక్కర్లేదు. గీత లోపల ఎకరానికి ఏటా నగరం ఎంత ఇవ్వాలి, ఆ డబ్బు నీటి బోర్డు బిల్లులో ఏ పద్దు కింద వసూలు చేయాలి, ఫాంహౌస్ యజమానికీ ఆ వాటా దక్కాలా వద్దా అన్నది ముందు తేలాలి. చివరి ప్రశ్న దగ్గర సభలో లొల్లి అవుతుంది. కానివ్వాలి.